దస్తర్ఖాన్ మీద మా వాటా

ఒక సాయంత్రం అమ్మీని తీసుకుని పాలమూరులో ఫుడ్‌కోర్టుకు పోయాం. ఒక దుకాణం మీద 'మండీ' అని పెద్దక్షరాలు, పక్కన ఒంటె బొమ్మ. ఎదురుగా ఇంకో దుకాణం. దానిమీద 'తెలంగాణ రుచులు': జొన్నరొట్టె, గోంగూర మాంసం, పచ్చిపులుసు.

"మన తిండి ఇటుంది అమ్మీ" అని మండీ దిక్కు చూపించాం. అమ్మీ జొన్నరొట్టె దిక్కు చూసింది. "మరి అది ఎవరిది బేటా?" అన్నది.

మా దగ్గర జవాబు లేదు.

మండీ యెమెన్ వంట. నిజాం కొలువుకు వచ్చిన అరబ్బుల వారసులు హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నారు. హలీంకు మూలం కూడా అరబ్బుల హరీసే. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దూది ఏకినవాళ్లు, బీడీలు చుట్టినవాళ్లు, కూలికి పోయినవాళ్లు ఏనాడు హలీం తిన్నారు? 1890లో పాలమూరుకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టారు. ఊరికి నవాబు పేరొచ్చింది గాని మా పొయ్యి మీదికి నవాబు వంట రాలేదు.

మావి మెట్టభూములు. జొన్నరొట్టె, గటక, అంబలి మా తిండి. మేం ఖట్టా అన్నదాన్నే పొరుగింటివాళ్లు పచ్చిపులుసు అన్నారు. పేర్లు రెండు, చింతపండు ఒక్కటే. బిర్యానీ అంటే ఎవరింట్లోనో షాదీ అని అర్థం. పీర్ల పండుగకు మలీద అన్ని కులాల ఇళ్ల నుంచీ వచ్చేది. జాన్‌పహాడ్ సైదులు దర్గా దగ్గర ఈనాటికీ హిందువులూ ముస్లింలూ కందూరు చేస్తారు.

1967లో సాగర్ కాలువలకు నీళ్లొదిలారు. మిర్యాలగూడ దిక్కు వరి పరుచుకుంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకిచ్చింది. పేదల పళ్లెంలోకి రోజూ తెల్లన్నం వచ్చింది. మంచిదే. జొన్నరొట్టె మాత్రం లేమికి గుర్తయి మూలకు పోయింది. ఇప్పుడు షుగరు జబ్బు పుణ్యమా అని ధర పెంచుకుని తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు మా పేరు ఎక్కడ జారిపోయింది?

తెలంగాణ బోర్డు కింద మేం లేం. మమ్మల్ని ఒంటె బొమ్మ కింద కూర్చోబెట్టారు. దళితులతో మేం పంచుకున్న పెద్దకూర ఏ బోర్డు మీదా లేదు. మండీ పళ్లెం చుట్టూ అందరూ కూర్చుంటున్నారు. కానీ పట్నంలో కిరాయి ఇంటికి పోతే మా పేరు వినగానే తలుపు మూసిన చేతులనూ మేం చూశాం. మా వంట కావాలి, మా పొరుగు వద్దా?

ఎక్కడినుంచో వచ్చినవాళ్లమని మమ్మల్ని అంటారు. అరబ్బు బొమ్మ చూసి మురిసిపోతే ఆ మాటకు మేమే సాక్ష్యం చెప్పినట్టు. మా చరిత్ర నవాబుల దస్తర్ఖాన్ మీద లేదు, జొన్నచేలల్లో ఉంది.

ఆ రాత్రి మేం జొన్నరొట్టె తిన్నాం. "కొంచెం ఖట్టా పొయ్యి బేటా" అని అమ్మీ అడిగింది. వడ్డించే పిలగాడు తికమకపడలేదు. పచ్చిపులుసు తెచ్చి పోశాడు.