నీటిలోని యంత్రము, కాగితముపైని వ్రాత

1966వ సంవత్సరమున స్పెయిను దేశపు పలోమారెస్ గ్రామముచెంత రెండు అమెరికా విమానములు ఆకాశమున ఢీకొనగా సముద్రమున మునిగిన హైడ్రోజను బాంబును, ఇంచుమించు 2,850 అడుగుల లోతునుండి, ఓడమీది మనుష్యులు తీగెతో నడిపిన కర్వ్ అను యంత్రము, దాని పారాచూటు త్రాళ్లలో తానును చిక్కుకొని, తనతోబాటుగనే పైకి తెచ్చెను. అట్లు నౌకాదళములకే సాధ్యమైయుండిన జలాంతర వాహనవిద్య నాలుగు దశాబ్దములు తిరుగకమున్నే పాఠశాలల ముంగిటికి వచ్చుట మన కాలపు విజ్ఞానచరిత్రలో మనోహరమైన ఘట్టము.

2004 జూన్ మాసమున కాలిఫోర్నియా రాష్ట్రపు సాంటాబార్బరా విశ్వవిద్యాలయమునందలి ఈతకొలనులో జరిగిన జలాంతర వాహనముల పోటీకి, ఎడారి నగరమైన ఫీనిక్సునుండి కార్ల్ హేడెన్ ఉన్నత పాఠశాల విద్యార్థులు నలుగురు, మెక్సికోలో బుట్టి అమెరికాకు వలసవచ్చిన పేదయిండ్ల బిడ్డలు, కళాశాలల తరగతిలోనే పేరిచ్చి వచ్చిరి. వారి వాహనము పీ.వీ.సీ. గొట్టములతో నతికినది, జిగురువాసనను బట్టి దానికి స్టింకీ, అనగా కంపుగొట్టునది, యని పేరిడిరి. పోటీకి ముందు విద్యుత్ పరికరములున్న పెట్టెలోనికి నీరూరగా, ఋతుకాలమున స్త్రీలు వాడు దూదిచుట్టలను కొనితెచ్చి అందు పెట్టి, ఆ తడిని పీల్పించిరి.

అయితే ఆ పోటీలో నీటిలో జేసిన పనికే గాక, వ్రాసి యిచ్చిన నివేదికకును, పరీక్షకులయెదుట జెప్పిన సమాధానములకును మార్కులుండెను. వారి వాహనమున దూరమును గొలుచు లేసరు సాధనము గాలికై చేయబడినది. నీటిలో కాంతివేగము తగ్గును గావున, వక్రీభవన గుణకము ననుసరించి ఆ లెక్కను సుమారు 30 శాతము సవరించుకొంటిమని వారు వివరించిరి. బ్యాటరీని గట్టున నుంచక వాహనముననే యమర్చుట ప్రమాదమే యైనను, అందుచే తీగెకట్ట సన్నమై వాహనము తేలికగా మసలును. ఇట్లు ప్రతి యెంపికకును వారియొద్ద కారణ మొకటి యుండెను.

ఫలితములు ప్రకటించునప్పుడు రూపకల్పనకును, సాంకేతిక రచనకును, తుదకు సమగ్ర విజయమునకును బహుమతులు వారికే లభించెను. సుప్రసిద్ధమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ రెండవ స్థానమున నిలిచెను. ఇంట స్పానిషు మాటలాడు పిల్లలకు ఇంగ్లీషు రచనకై బహుమతి వచ్చుట నాకు సమగ్ర విజయముకంటెను మిన్నగ దోచును.

ఏలయన, కొలనులో యంత్రము తిరుగునది కొన్ని నిమిషములు మాత్రమే. జిగురు విడిపోవును, బ్యాటరీ చచ్చును, గొట్టములు మరియొక పనికి గోయబడును. ఏ కీలున నీరూరెనో, ఏ కొలత తప్పెనో, దాని నెట్లు దిద్దిరో దాచక వ్రాసిన నివేదిక మాత్రము మరుసటియేటి విద్యార్థి చేతికి వచ్చును. అతడు అదే కీలును ఈమారు గట్టిగా బిగించి తన వాహనమును నీటిలోనికి దింపును.