అయిదక్షరాల ఊరు, 72 గుర్తుల చిరునామా: తెలుగులో లంకెల పంపకంపై ఒక పరిశీలన

1. లంకెలోని రెండు భాగాలు

అంతర్జాలంలో ఒక పుట నుంచి మరో పుటకు దారి చూపే గుర్తును సాంకేతిక రచనల్లో లంకె అంటున్నా, జనవ్యవహారంలో అది లింకుగానే స్థిరపడింది. ప్రతి లంకెలోనూ రెండు భాగాలుంటాయి: కంప్యూటరు చదువుకొనే చిరునామా మొదటిది, ఆ చిరునామా వెనుక ఏముందో మనిషికి తెలిపే పాఠ్యం రెండోది. సాంకేతిక విషయాలు, వెబ్ రూపకల్పన, అంతర్జాల సంస్కృతి వంటి అంశాలపై పనికొచ్చే లంకెలను ఏరి నలుగురికీ పంచే అలవాటు వెబ్ తొలినాళ్లలోనే మొదలైంది. 1994లో వెలసిన యాహూ కూడా మొదట ఇద్దరు విద్యార్థులు కూర్చుకొన్న లంకెల పట్టికే. ఆంగ్లంలో చాలాసార్లు చిరునామాలోని మాటలే సగం విషయం చెప్పేస్తాయి కాబట్టి, పంచేవారు పక్కన ఏమీ రాయకపోయినా పని నడుస్తుంది. తెలుగులో ఆ వెసులుబాటు లేదనీ, అందువల్ల తెలుగు లంకెకు పక్కన రాసే పరిచయ వాక్యమే ఆయువుపట్టనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అమృతలూరు పేరు చిరునామాగా మారే తీరు

తెలుగు వికీపీడియాలో వ్యాసం పేరే చిరునామాలో చివరి భాగమవుతుంది కాబట్టి, తెనాలి, రేపల్లెలకు చేరువలో ఉన్న అమృతలూరును ఉదాహరణగా తీసుకోవచ్చు. చదువరి కంటికి ఈ పేరులో కనిపించేవి అ, మృ, త, లూ, రు అనే 5 అక్షరాలు. ప్రపంచ లిపులన్నిటికీ ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో హల్లుకూ దాని మీది గుణింతపు గుర్తుకూ వేర్వేరు స్థానాలుంటాయి కనుక, ఇందులోని వట్రసుడి, కొమ్ముదీర్ఘం, కొమ్ము విడిగా లెక్కకొచ్చి ఆ 5 అక్షరాలు 8 సంకేతాలవుతాయి. యుటిఎఫ్-8 అనే నిల్వ పద్ధతి ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే ఎనిమిదేసి బిట్ల ముక్కలు మూడు, కేటాయిస్తుంది కాబట్టి మొత్తం 24 బైట్లు. వెబ్ చిరునామాల వ్యాకరణం ప్రాథమిక రోమన్ అక్షరాలను, అంకెలను, కొన్ని గుర్తులను మాత్రమే అనుమతిస్తుంది. మిగిలిన ప్రతి బైటునూ ఒక శాతం గుర్తు, దాని వెంట రెండు గుర్తులు పెట్టి రాయాలి. ఆ విధంగా ‘అ’ ఒక్కటే ‘%E0%B0%85’ అనే రూపం తాల్చి 9 గుర్తులవుతుంది, ఊరి పేరు మొత్తం 72 గుర్తుల బారుగా సాగుతుంది.

ఇప్పటి బ్రౌజర్లు చిరునామా పట్టీలో తెలుగునే చూపుతున్నా, నకలు తీసి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అతికించేసరికి తరచుగా ఈ శాతం గుర్తుల బారే బయటపడుతుంది. దానికి విరుగుడుగా వచ్చిన పొట్టి చిరునామాలు పొడవును తగ్గించాయి గాని, ఊరి పేరును పూర్తిగా మాయం చేశాయి. రెండు సందర్భాల్లోనూ లంకె అందుకొన్నవారికి అది ఏ ఊరి గురించో తెలియదు.

3. వెతుకులాట కుదరని కాలం, సంకలినుల పుట్టుక

లంకెలను ఏరి పంచేవారి అవసరం తెలుగులో ఇంత బలంగా ఎందుకు ఏర్పడిందో ఫాంట్ల చరిత్ర చెబుతుంది. 1998లో వెలువడిన ‘ఈమాట’ వంటి అంతర్జాల పత్రికల తొలి రోజుల్లో తెలుగు పుటలు చూడాలంటే ప్రత్యేక ఫాంటు కావలసి వచ్చేది. 1991లోనే యూనికోడ్ తెలుగుకు 128 స్థానాల గడిని కేటాయించినా, చాలా పత్రికలు రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను అమర్చిన సొంత ఫాంట్లతోనే చాలాకాలం నడిచాయి. ఆ పుటల్లో కంటికి తెలుగు కనిపిస్తున్నా, యంత్రానికి అర్థంలేని రోమన్ గుర్తులే కనిపించేవి కాబట్టి వెతుకుడు యంత్రాలకు అవి దొరికేవి కావు. ఫాంటు లేనివారికైతే చదవరాని గుర్తులో, ఖాళీ డబ్బాలో మిగిలేవి.

విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన వంటి యూనికోడ్ ఫాంట్లు, పాత ఫాంట్ల పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే ఉపకరణం ఈ గోడను క్రమంగా కూల్చాయి. రోమన్ కీబోర్డుతో తెలుగు రాయించే ‘లేఖిని’ని, వేర్వేరు చోట్ల కొత్తగా వెలువడే తెలుగు రచనల లంకెలను ఒకే పుటలో చూపే ‘కూడలి’ని తెలుగు సాంకేతిక కార్యకర్త వీవెన్ ఈ దశలోనే అందించారు. ఇలా లంకెలను కూర్చే చోటుకు సంకలిని అని పేరు వచ్చింది. ఈ ఉపకరణాలు ఒకదానికొకటి ఆధారమయ్యాయి: యూనికోడ్‌లో రాసేవారు పెరిగితేనే సంకలినికి సరుకు, సంకలినిలో పాఠకులు కనిపిస్తేనే యూనికోడ్‌లో రాయడానికి ఉత్సాహం.

4. గ్రంథాలయోద్యమంతో పోలిక

లంకెలను ఏరి పంచే ఈ పనికి తెనాలి, బాపట్ల సీమలో పాత పోలికలున్నాయి. 1918లో నెలకొన్న వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలను పదిలపరచి పరిశోధకులను తనవద్దకు రప్పించుకొంది. 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం మొదలుపెట్టిన పడవ గ్రంథాలయం కాలువ మీద ప్రయాణించేవారి చేతికే పుస్తకం అందించింది. వెబ్‌లో భద్రపరిచే నిలయం మొదటిదానికి, పాఠకుడి ఫోనుకు చేరే లంకె రెండోదానికి సమానం. అయితే గ్రంథాలయంలో పుస్తకంతోపాటు జాబితా ఉంటుంది; పేరు, కర్త, విషయం అందులో నమోదై ఉంటాయి. పంచుకొనే లంకెలకు లోపించేది ఆ నమోదే.

ఆ లోపం ఫలితం లంకె తెగినప్పుడు తెలుస్తుంది. సొంత పుటలకు చోటిచ్చిన జియోసిటీస్ 2009లోనూ, చర్చావేదికలైన యాహూ గ్రూపులు 2020లోనూ మూతపడగా, వాటికి దారితీసిన లంకెలన్నీ మోడుబారాయి. పక్కన శీర్షిక, రచయిత పేరు, తేదీ రాసి ఉన్నచోట ఆ రచనను ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి నిలయాల్లోనో, మరో ప్రచురణలోనో వెతికే ఆధారమైనా మిగిలింది. ఉత్త చిరునామా పంచినచోట ఆ రచన ఉండేదన్న జాడే లేదు.

5. ఉపసంహారం

చిరునామాలు మారకూడదని వెబ్ రూపకర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే వాదించినా, మార్పు సాంకేతిక కారణాలతోనే రావాలని లేదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు అమృతలూరు మండలం గుంటూరు జిల్లా నుంచి అందులోకి మారింది. జిల్లా పేరు ఇముడ్చుకొన్న చిరునామా ఏదైనా ఆ రోజుతో పాతబడినట్టే. అదే మండలంలోని గోవాడ పేరు విషయంలో మరో చిక్కుంది: చక్కెర కర్మాగారంతో పేరుపడిన గోవాడ ఉత్తరాంధ్రలో చోడవరం దగ్గర ఉంది. శాతం గుర్తుల బారు ఒక్కటే పంపితే ఇందులో ఏదీ తేలదు. ‘గోవాడ, అమృతలూరు మండలం, బాపట్ల జిల్లా, 2022కు ముందు గుంటూరు జిల్లా’ అని ఒక్క వరుస రాసి పంపితే, లంకె తెగిన తరువాత కూడా ఊరు దొరుకుతుంది.