కట్టు కథ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఎవరైనా బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, చుట్టూ చేరినవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ‘పుత్తూరు కట్టు’. పాత చిత్తూరు జిల్లా పుత్తూరు పక్కన ఈశ్వరాపురంలో రాజు కులస్థుల కుటుంబాలు తరతరాలుగా ఈ కట్టు కడుతున్నాయి. వేటమాంసాన్ని ఏదో ఆకులో చుడితే ముక్కలు అతుక్కున్నాయని, ఆ ఆకే ఈ మందుకు మూలమని ఒక కథ చెబుతారు. కథ కథే. కట్టును దగ్గర్నుంచి చూడండి: విరిగినచోట తడిమి, లాగి సరిచేసి, ఆకు పసరు పూసి, కోడిగుడ్డు తెల్లసొనతో తడిపిన గుడ్డ చుట్టి, పైన వెదురు దబ్బలు పెట్టి కడతారు. సొన ఆరేకొద్దీ గుడ్డ అట్టలా బిగుస్తుంది. నా లెక్కలో అసలు మందు ఆ అట్టే.

ఎందుకంటే ఎముకను ఏ వైద్యుడూ అతికించలేడు, అది తనంతట తానే అతుక్కుంటుంది. విరిగినచోట గడ్డకట్టిన నెత్తుట్లోంచి మెత్తటి పదార్థం పుట్టి, వారాల మీద సున్నం పట్టి గట్టిపడుతుంది. అందాకా కదలనివ్వకపోవడమే మన పని. సుశ్రుతుడు చెట్టుబెరడు బద్దలతో కట్టమన్నాడు. వదులైతే నిలవదనీ, బిగువైతే వాచి చీము పడుతుందనీ హెచ్చరించాడు. కట్టు మార్చడానికి చలికాలంలో 7 రోజులు, ఎండాకాలంలో 3 రోజులు గడువు పెట్టాడు. 1851లో డచ్చి సైనిక వైద్యుడు మథైసన్ కాల్చిన జిప్సం పొడి రుద్దిన గుడ్డను తడిపి చుట్టాడు. మన పిండికట్టు అదే. సొన పోయి జిప్సం వచ్చింది, సూత్రం మారలేదు.

‘అలాగైతే ఎక్స్‌రే ఎందుకు? పుత్తూరులో నయమైనవాళ్లు కళ్లెదుటే తిరుగుతున్నారు గదా’ అనవచ్చు. తిరుగుతున్నారు, నిజమే. స్థానం తప్పని బీట ఏ కట్టుకైనా మానుతుంది. వంకరగా అతికిన చెయ్యి కూడా అతికిన లెక్కలోకే వస్తుంది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాకే లోపలి విరుపు కంటికి ఆనింది. కీలులోకి దిగిన విరుపును, తొడ ఎముక మెడ దగ్గరి విరుపును తడిమి పోల్చుకోవడం, కట్టుతో నిలపడం కష్టం. చర్మం చీల్చుకుని ఎముక బయటికొస్తే పసరు జోలికే పోకూడదు. 1865లో లిస్టర్ అనే శస్త్రవైద్యుడు గ్లాస్గోలో గాయం చీము పట్టకుండా కార్బాలిక్ ఆమ్లం వాడి చూపేదాకా అలాంటి కాళ్లను చాలావరకు తీసేసేవారు. ఆస్పత్రికి పోతే ఊరికే కోస్తారన్న భయం జనంలో ఉంది. దాన్ని కొట్టిపారేయను. అయితే ఎక్స్‌రే తీయించుకున్నాకనే గదా, ఆపరేషను ఎందుకని డాక్టరును నిలదీయగలిగేది!

కట్టు పుత్తూరుదైనా, కుప్పం పీఈఎస్ వైద్యకళాశాలదైనా, వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతూపోయినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రిలో విప్పించండి. నెత్తురాడని కండ కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది.