ఫిన్‌మార్క్: నేల, జనం, జీవనాధారం

నార్వే ఉత్తరపు కొసన, బారెంట్స్ సముద్రతీరాన ఉన్న ప్రాంతం ఫిన్‌మార్క్. విస్తీర్ణం సుమారు 48,600 చదరపు కిలోమీటర్లు, అంటే డెన్మార్క్ కన్నా పెద్దది. జనాభా మాత్రం 75,000 దరిదాపుల్లోనే ఉంది. ఇంత పలుచగా ఉండటానికి చలే కారణమని తరచు రాస్తారు. ఇక్కడి ఆదివాసులైన సామీలు రెయిన్‌డీర్ మందలు మేపే లోపలి పీఠభూమికి ఆ మాట చాలావరకు చెల్లుతుంది. కరాస్‌యోక్‌లో 1886లో మైనస్ 51.4 డిగ్రీలు నమోదైంది. తీరం సంగతి వేరు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల హామర్‌ఫెస్ట్, వార్డో రేవులు నడిచలికాలంలోనూ గడ్డకట్టవు. కాడ్ చేపకు కొరత లేదు. ఇక్కడ జనం పెరగడమూ తరగడమూ చలి కన్నా ఆ చేప మీద హక్కు ఎవరిదన్న దాన్నిబట్టే ఎక్కువగా జరిగింది.

ఆల్టా శిలాచిత్రాలు వేల ఏళ్లనాటివి. వార్డో కోట 14వ శతాబ్దపు తొలినాళ్లది. తరువాత చాలాకాలం చేపకూ ధాన్యానికీ ధర కట్టింది బెర్గెన్ వర్తకులే. జాలరికి మిగిలింది బాకీ. 1789లో వర్తకపు గుత్తాధిపత్యం పోయి, హామర్‌ఫెస్ట్, వార్డో పట్టణాలయ్యాయి. తెల్లసముద్ర తీరపు రష్యన్లైన పొమోర్‌లు వేసవిలో రై పిండి, కలప తెచ్చి చేపలు పట్టుకెళ్లేవారు. వేసవి చేప ఎండబెడితే పురుగుపడుతుంది. పొమోర్‌లు దాన్ని పచ్చిగానే కొని ఉప్పు వేసుకునేవారు. వృథా అయ్యే సరుకు తిండిగింజలుగా మారిన ఈ చక్కని ఏర్పాటు కోసం రెండు భాషలు కలిసిన రుస్సెనోర్స్క్ అనే బేరసారాల భాష కూడా పుట్టింది. 19వ శతాబ్దంలో ఇక్కడి జనాభా మూడింతలు దాటింది. అన్నిచోట్లా పెరిగిందిగా అనవచ్చు. కానీ ఫిన్లాండ్ నుంచి క్వెన్‌లు చలికి వెరవక ఇక్కడికే వలస వచ్చారు. 1917 రష్యా విప్లవంతో ఆ వర్తకం ఆగింది.

1944లో జర్మన్ సేన వెనుదిరుగుతూ దాదాపు ఊళ్లన్నీ తగలబెట్టి, సుమారు 50,000 మందిని బలవంతంగా తరలించింది. యుద్ధం ముగియగానే, ప్రభుత్వం ఆగమన్నా వినక, జనం తిరిగొచ్చి మట్టిగుడిసెల్లో కాపురం పెట్టారు. 1990 నుంచి పన్ను రాయితీలున్నాయి, 2007 నుంచి హామర్‌ఫెస్ట్ ఎదుటి మెల్కోయా దీవిలో సహజవాయువు కర్మాగారం నడుస్తోంది. కాబట్టి ఈ తీరాన్ని నిలబెడుతున్నది ప్రభుత్వ ధనమూ గ్యాసూ తప్ప చేప కాదని వాదించేవారున్నారు. హామర్‌ఫెస్ట్ వరకు అది నిజమే. అయితే బుగోయ్‌నెస్ అనే చిన్న ఊరు చూడాలి. చేపల పరిశ్రమ కుప్పకూలి, 1989లో ఊరంతా ఒకేచోటికి తరలిపోతాం, చోటివ్వండని ఆ ఊరివాళ్లు పత్రికలో ప్రకటన ఇచ్చారు. 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు తెచ్చి వదిలిన ఎర్ర రాజపీత ఆ తరువాత అక్కడిదాకా విస్తరించింది. దాన్ని పట్టే కోటా ప్రధానంగా ఆ తీరపు చిన్న పడవలకే దక్కింది. ఊరు కదలలేదు.