ఊరు అడిగింది నీళ్లు

ఎండ, గాలి, పేడ... ఇవి తరగని ఇంధన వనరులని బడిలో పిల్లలకు మేం పాఠం చెబుతుంటాం. అయితే ఆ పాఠంలో లేని ప్రశ్న ఒకటుంది. ఆ ఇంధనాన్ని దేనికి వాడాలో నిర్ణయించేది ఎవరు? దీనికి జవాబు కోసం మీరు దూరం పోనక్కరలేదు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా చరిత్ర చాలు.

ఆ జిల్లా కుణిగల్ తాలూకాలో పుర అనే చిన్న పల్లె ఉంది. 1974లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య అమూల్య రెడ్డిగారు పల్లెలకు పనికొచ్చే సాంకేతిక విద్య కోసం 'అస్త్ర' అనే విభాగాన్ని ప్రారంభించారు. ఆ బృందం పురలో ఊరందరికీ కలిపి గోబర్ గ్యాసు ప్లాంటు కట్టడానికి పూనుకుంది. ఇంటింటికీ వంటగ్యాసు ఇవ్వాలన్నది వారి ఆలోచన. పొగ తగ్గుతుంది, కట్టెల మోత తప్పుతుంది. మంచిదే కదా అంటారు మీరు. కానీ ఊళ్లోని పశువుల పేడ అందరి పొయ్యిలకూ చాలదని తేలింది. పైగా కట్టెలు అక్కడ కొనుక్కునేవి కావు, ఏరుకునేవి. దాంతో పథకం ముందుకు సాగలేదు.

చివరికి ఊరివారికి ముందుగా కావలసింది ఏమిటన్న ప్రశ్న వచ్చింది. తాగే నీళ్లు కావాలన్నారు వారు. 1987 నుంచి అదే గ్యాసుకు కొంచెం డీజిలు తోడుచేసి, ఇంజను నడిపి కరెంటు తీశారు. బోరునీళ్లు కొళాయిలకు వచ్చాయి. ఇళ్లలో దీపాలు వెలిగాయి. పేడ తెచ్చి ఇచ్చినవారికి కిలోకు 2 పైసలు ముట్టేవి. గ్యాసు తీయగా మిగిలినది తిరిగి వారికే ఎరువుగా అందేది. యంత్రం పెద్దగా మారలేదు. మారింది దాని ఉపయోగం. అది ఊరివారి ఎంపిక కనుక పేడ మోయడానికి వారే ముందుకొచ్చారు.

ఇక అదే జిల్లా ఉత్తరపు కొసకు రండి. అది పావగడ. తరతరాలుగా తెలుగు మాట్లాడే సీమ, వానలు తరచు మొహం చాటేసే సీమ. అక్కడ తిరుమణి చుట్టుపక్కల 5 ఊళ్లలో, సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. 2018లో మొదటి దశ ప్రారంభమై, 2019 చివరికి పూర్తయింది. ఇందులో గమనించదగ్గ విషయం ఒకటుంది. భూములను రైతుల నుంచి కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. కరవు చూసి చూసి అలసిన రైతు, చేనుమీద హక్కు పోగొట్టుకోకుండా ఇంత రాబడి వస్తుందంటే ఎందుకు కాదంటాడు? అది తెలివైన నిర్ణయమే.

కానీ ఆ నిర్ణయం పట్టా ఉన్నవాడిది. అదే చేలల్లో కలుపు తీసి బతికిన కూలీకీ, గొర్రెలు మేపుకున్నవాడికీ సంతకం పెట్టడానికి కాగితం లేదు, గుత్త సొమ్ములో వాటా లేదు.

కాబట్టి శ్రోతలారా, మీ ఊరికి గాలిమర వచ్చినా, సౌర పలకలు వచ్చినా, ఎన్ని మెగావాట్లని అడగండి, తప్పులేదు. దానితోపాటు సెంటు భూమి లేనివాడినీ, బిందె మోసే ఆడమనిషినీ గ్రామసభకు పిలిచారా అని కూడా అడగండి. పురలో నీళ్ల మాట వినబడింది ఊరిని అడిగిన తరవాతే.