అలిపిరి గేటు: కొండ మీది ట్రాఫిక్‌ని కొండ కిందే ఆపిన కథ

శనివారం పొద్దున అలిపిరి దగ్గర కారులో కూర్చొని విసుక్కోని వాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? ముందర బండ్లు, వెనకాల బండ్లు. ఎదురుగా కొండ కనబడతానే ఉంటుంది, పైన రోడ్డేమో ఖాళీ. "ఊరికే ఆపేస్తున్నారు, వదిలేస్తే పోతాం కదా" అనుకుంటాం. ఈ ఎపిసోడ్ ఆ మాట గురించే.

ముందు కాస్త వెనక్కి పోదాం. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ దాన్ని ప్రారంభించారు. అంతకుముందు నడక, లేదంటే డోలీ. సుమారు 19 కిలోమీటర్ల ఆ ఒక్క రోడ్డు మీదే ముప్పై ఏళ్లు ఎక్కే బండ్లూ, దిగే బండ్లూ నడిచాయి. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కడానికి అది, దిగడానికి పాతది అని విడదీశారు. మలుపులో ఎదురుగా బస్సు వస్తుందేమోనన్న భయం పోయింది.

2003 అక్టోబర్ 1న ఇదే అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద మందుపాతర దాడి జరిగింది. ఆ తర్వాత తనిఖీ ఇంకా గట్టిపడింది. అది భద్రత కోసం పెట్టిందే. కానీ దాంతో ఇంకో పని కూడా జరుగుతోంది. బండ్లు గుంపుగా కాకుండా ఒకటొకటిగా, మధ్యలో కాస్త ఎడంతో కొండెక్కుతాయి. దానికితోడు టైమ్ రూలు: ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే ముందు చేరితే తప్పు. లెక్కేస్తే ఎక్కేటప్పుడు గంటకి 40 కిలోమీటర్ల లోపే. (మనోళ్లు గబగబా వచ్చేసి, చివర్లో పక్కన ఆపుకొని టైమ్ చూసుకుంటారు. అది వేరే కథ!)

ఈ ఐడియాకి అమెరికాలో ఒక పేరుంది, ర్యాంప్ మీటరింగ్. పక్క రోడ్డు నుంచి ఫ్రీవే మీదికి ఎక్కే దారిని ర్యాంప్ అంటారు. 1963లో షికాగోలో ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంప్ మీద ఒక పోలీసు నిలబడి, బండ్లని ఒక్కొక్కటిగా వదిలాడు. తర్వాత ఆ పని సిగ్నల్ లైటు చేసింది. బస్టాండులో బస్సు తలుపు దగ్గర చూడండి. అందరూ ఒకేసారి తోసుకుంటే ఎవరూ ఎక్కలేరు, వరసగా ఎక్కితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. రోడ్డూ అంతే. ఒక హద్దు దాటి బండ్లు చేరితే, అంతకుముందు పోయినన్ని కూడా పోవు.

నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం అక్కడి జనానికీ వచ్చింది. మిన్నెసోటా రాష్ట్రంలో గోల పెరిగి, 2000 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 430కి పైగా మీటర్లని ఆపేసి చూశారు. ఫ్రీవే మీద పోయే బండ్లు 9 శాతం తగ్గాయి, ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. అంటే గేటు గెలిచినట్టే కదా? సగమే గెలిచింది. లైట్లు మళ్లీ వేశారు గానీ, మామూలు ర్యాంప్ మీద ఏ బండీ నాలుగు నిమిషాలకి మించి ఆగకూడదని హద్దు పెట్టారు. ఎందుకంటే గేటు పెడితే క్యూ మాయమైపోదు, చోటు మారుతుందంతే.

మన ఊరికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తిగా తెరిచారు. ఊళ్లో ఆగకుండా కపిలతీర్థం వైపు వచ్చేస్తాం, మంచిదే. కానీ గేటు అదే గేటు. త్వరగా వచ్చేది క్యూ తోక దగ్గరికే. పండగ రోజుల్లో ఆ తోక ఊళ్లోకి వస్తే ఇబ్బంది భక్తులకే కాదు, బడికి పోయే పిల్లలకీ, ఆంబులెన్సుకీ.

బండ్ల సంగతి పక్కన పెట్టి మనుషుల క్యూ చూడండి. దర్శనానికి టైమ్ టోకెన్లు కూడా ఇదే లెక్క. పైన తొక్కిసలాట లేకుండా కిందే టోకెన్ ఇచ్చి, విడతలుగా పంపుతారు. 2025 జనవరి 8 రాత్రి ఆ వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసమే తిరుపతిలో జనం చేరారు. బైరాగిపట్టెడ దగ్గర గేటు తీయగానే తోపులాట జరిగి ఆరుగురు చనిపోయారు. కొండ మీద కాదు, కొండ కింద, కాచుకొనే చోట. పైన రద్దీ తగ్గించడానికి పెట్టిన ఏర్పాటులో కింద నిలబడే మనిషికి చోటు, నీడ, దారి ఉన్నాయా అని మొదట అడగాల్సింది.

అందుకే "ఆపొద్దు" అని నేను అనను. ఆపాల్సిందే. ఎంతసేపు, ఎక్కడ అన్నదే నా గొడవ. మిన్నెసోటా వాళ్లు నాలుగు నిమిషాలు అని ఒక అంకె రాసుకున్నారు. అలిపిరి దగ్గర కొండ మీది ప్రయాణానికి నిమిషాల లెక్క ఉంది, కింద కాచుకోవడానికి మాత్రం అలాంటి అంకె నాకెక్కడా కనబడలేదు. మీరు కిందటిసారి ఎంతసేపు ఆగారో కామెంట్లో రాయండి, ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నది కూడా రాయండి.