ఆనకట్ట పుస్తకం ఏ అరలో?

1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షులు, నడిపించినవారు అయ్యంకి వెంకట రమణయ్య. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఆ సభలోనే. ఇంద్రకీలాద్రికీ రైలుకట్టకీ మధ్య ఇరుకిరుకు వీధుల్లో సరుకుల బేరసారాలతో కిటకిటలాడే వన్‌టౌన్ ఉన్న ఊళ్లో ఇలా పుస్తకాలూ ఒక ఉద్యమమయ్యాయి. 1935లో పాతూరి నాగభూషణం మరో అడుగు వేసి, పుస్తకాలను పడవకెక్కించి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ గట్ల పల్లెలకు పంపారు.

పుస్తకం పల్లెకు చేరడం ఒక ఎత్తు. చేరిన పుస్తకం అడిగినవారి చేతికి దొరకడం ఇంకో ఎత్తు.

1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట మీద ఒక పుస్తకం ఉందనుకుందాం. రైతు దాన్ని సేద్యంలో వెతుకుతాడు, ఇంజనీరు నీటి కట్టడాల్లో, చరిత్రకారుడు కుంపిణీ పాలనలో. పుస్తకం మాత్రం ఒకే అరలో ఉంటుంది. 1876లో మెల్విల్ డ్యూయీ తెచ్చిన దశాంశ పద్ధతిలో జల ఇంజనీరింగు 627, వ్యవసాయం 630, భారతదేశ చరిత్ర 954. ఏదో ఒక అంకె ఎంచుకోక తప్పదు.

ఈ చిక్కుముడిని విప్పబూనినది బెజవాడ కూడా భాగమైన మద్రాసు రాజధానిలోనే. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకుముందు గణిత అధ్యాపకుడు. చదువు కోసం లండన్ వెళ్లినప్పుడు అక్కడి దుకాణంలో మెకానో ఆటబొమ్మలు చూశారు. కొన్ని ముక్కలను రకరకాలుగా బిగిస్తే ఎన్నో బొమ్మలు! 1933లో వెలువడిన ఆయన కోలన్ వర్గీకరణ అలాంటిదే. అందులో విషయానికి ముందే అచ్చయిన అంకె ఉండదు. విషయాన్ని ముఖాలుగా విడదీసి, వాటి గుర్తులను విరామచిహ్నాలతో కలిపి అంకెను అప్పటికప్పుడు కూర్చుకోవాలి. ఏ పంట, ఏ పని, ఏ దేశం, ఏ కాలం అన్నవన్నీ అందులో ఇమిడిపోతాయి.

ఆరు దశాబ్దాల తర్వాత అలాంటి చిక్కే కంప్యూటర్ మాన్యువళ్ల ప్రచురణకర్తలకు ఎదురైంది. వేర్వేరు పుస్తకాల చివరనున్న విషయసూచికలను కలిపి ఒక్కటి చేయాలి. స్టీవెన్ న్యూకోంబ్, మిషెల్ బీజున్‌స్కీ తదితరుల కృషితో ఆ ప్రయత్నం టాపిక్ మ్యాప్స్ అనే అంతర్జాతీయ ప్రమాణంగా ఎదిగింది. దాని సంఖ్య 13250. అందులో మూడే మూల వస్తువులు: విషయం, విషయాల మధ్య బంధం, ఆ విషయం కనిపించే చోటు. ఒకే విషయానికి ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు, ఏ పేరు ఏ సందర్భంలో చెల్లుతుందో కూడా రాసుకోవచ్చు. పాత దస్తావేజులోని బెజవాడ, నేటి రైలు టికెట్ మీది విజయవాడ ఒకే విషయం కింద చేరతాయి. ఆనకట్ట పుస్తకానికి అర ఒకటే అయినా దారులు మూడవుతాయి.

ఈ భావనను ఫైలులో ఎలా రాయాలన్న దగ్గరే పేచీ మొదలైంది. తొలి ప్రమాణపు రాతపద్ధతి ఎస్‌జీఎంఎల్, హైటైమ్ అనే పాత ప్రమాణాల మీద నిలబడింది. ఫైలులో ఏ ముక్క ఏమిటో చెప్పే గుర్తులైన ట్యాగుల పేర్లు ఎవరికి తోచినవి వారు పెట్టుకోవచ్చు. ప్రమాణంలోని ఏ రూపానికి ఏ ట్యాగు సరిపోతుందో చెబితే చాలు. పట్టువిడుపులు బాగానే ఉన్నా, అది చదివే సాఫ్ట్‌వేర్ రాయడం తలకు మించిన పని. 1998లో ఎస్‌జీఎంఎల్‌కు సరళ రూపంగా ఎక్స్‌ఎంఎల్ వచ్చాక, 2001లో దాని మీద కట్టిన ఎక్స్‌టీఎం 1.0 ఆ స్వేచ్ఛకు కళ్లెం వేసింది. ట్యాగులు స్థిరపడ్డాయి, ఒకరి ఫైలు ఇంకొకరి కంప్యూటర్‌లో సులువుగా తెరుచుకుంది. 2007 నాటి 2.0 కూర్పు లింకుల కోసం వాడిన ఎక్స్‌లింక్‌నూ వదిలేసింది.

స్వేచ్ఛ వదులుకుని సులువు కొన్న ఈ బేరంలో తెలుగువారు పోగొట్టుకున్నదీ ఒకటుంది. ఎక్స్‌ఎంఎల్ తొలి కూర్పు నుంచే తెలుగు అక్షరాలతో ట్యాగుల పేర్లు పెట్టుకోనిచ్చింది. 'ఆనకట్ట', 'కాలువ', 'ఊరు' అని నేరుగా రాసినా తప్పు లేదు. ఎక్స్‌టీఎం ట్యాగులు మాత్రం ఇంగ్లీషులోనే ఖరారయ్యాయి. ఆ చట్రంలో తెలుగుకు మిగిలింది ట్యాగుల నడుమ రాసే చోటు: విషయాల పేర్లు, బంధాల రకాలు, వివరాలు. కృష్ణా డెల్టా గ్రంథాలయాల జాబితాను ఆ పద్ధతిలో రాయాలంటే పరాయి ట్యాగుల మధ్య తెలుగు విషయాలు నింపాలి, లేదా తెలుగు ట్యాగులతో రాసుకుని ఎక్స్‌టీఎంలోకి మార్చే చిన్న ప్రోగ్రాం జతచేయాలి.